లేచి కూచునే పడవ

మా బర్గూరుకు సముద్రం లేదు. ఆ మాటకొస్తే నిండుగా పారే ఏరు కూడా లేదు. నీళ్ళు చూడాలంటే కృష్ణగిరి దాటి డ్యాము కాడికి పోవాలి. చీరల అంగళ్ళు, గ్రానైటు రాళ్ళు, మామిడి, చింతపండు, మద్రాసు–బెంగళూరు రోడ్డు మీద రేయింబవళ్ళు ఉరికే లారీలు, ఇవీ మా ఊరి సంగతులు. మా అక్క తన అరవై రెండేళ్ళలో పడవ అనేదాన్ని ఎక్కింది ఒకే ఒక్కసారి, హొగెనకల్లులో పుట్టి. ఎక్కినప్పటి నుంచి దిగేదాకా కళ్ళు మూసుకొనే ఉండిందని మా బావ బతికున్నన్నాళ్ళూ చెప్పి నవ్వేవాడు. అట్లాంటి మా అక్క పోయిన ఏడు దీపావళి ముందర ఒకనాటి పొద్దున్నే మా ఇంటికి వచ్చి, కూచోకముందే అడిగింది: "ఏం రా, సముద్రంలో పొయ్యే పడవ మంచిదా కాదా అని మీ బ్యాంకోళ్ళు ఎట్ల కనుక్కొంటారు?"

కథ ఏమంటే, ఆమె కొడుకు, నా మేనల్లుడు, న్యూజిలాండులో ఉన్నాడు. మా ఊరి ప్రభుత్వ ఇంజనీరింగు కాలేజీలోనే చదివాడు. బెంగళూరులో కొన్నాళ్ళు చేసి, ఎనిమిదేళ్ళ కింద ఆక్లండు చేరాడు. ఆ ఊరి నిండా తెరచాప పడవలే నంట. సెలవునాళ్ళలో ఎవరి పడవలోనో తాడు పట్టుకొనే పనికి పోయి, నేర్చుకొని, ఇప్పుడు సొంతానికి ఒకటి కొనాలని పట్టుపట్టినాడు. గట్టు పక్కన తిరిగేదానికి కాదు. భార్యాభర్తలిద్దరే దాంట్లో మహాసముద్రం మీద పోవాలనట. మొదట ఫిజీకి, అంటే వెయ్యి నాటికల్ మైళ్ళకు పైన. అన్నీ బాగుంటే మరుసటేడు ఇంకా దూరం. కోడలు కుప్పం పిల్ల. "పడవ మంచిదైతే నేనూ వస్తా" అన్నదంట. వాడి దగ్గర మన రూపాయల్లో 35 లక్షలు ఉన్నాయి. మనసుపడిన పడవ ధర 72 లక్షలు. మిగతాది అమ్మను అడిగినాడు. అమ్మ దగ్గర ఉండేది మూడెకరాల మామిడితోపు. వాడడిగింది ఇవ్వాలంటే రెండెకరాలు పోతాయి.

"తోపు పోతే పోనీ రా," అన్నది అక్క. "పడవ మునిగితే ఏం చేసేది? నువ్వు చూసి సరే అంటే సంతకం చేస్తాను. లేదంటే చెయ్యను."

నేను బి.కాం. చదివినవాణ్ణి. ముప్పై అయిదేళ్ళుగా బ్యాంకు ఉద్యోగం. అసలు, వడ్డీ, తనఖా, మార్జిను తప్ప తెలిసింది తక్కువ. నాకేం తెలుసక్కా అని తప్పించుకోవచ్చు. తప్పించుకోలేకపోవడానికి ఒక కారణం ఉంది. అది అక్కకు కూడా చెప్పలేదు.

1998 నుంచి 2001 దాకా నేను విశాఖపట్నంలో పనిచేశాను. చేపల రేవు దగ్గరి శాఖ. మరబోట్లకు అప్పులిచ్చేవాళ్ళం. ఒక మార్చి నెల ఆఖరులో ఒక కుర్రవాడు పాత బోటు కొనేదానికి అప్పు అడిగినాడు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇంజను రసీదు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు అన్నీ చూశాను. రేవుకు పోయి బోటును కూడా చూశాను. కొత్తగా రంగు కొట్టి పెండ్లికొడుకు మాదిరి ఉంది. కుర్రవాడి తండ్రి పాతకాలపు సరంగు. ఆయన ఒక్కటే అడిగినాడు, "బాబూ, రెండ్రోజులాగండి, ఒడ్డెక్కించి అడుగు చూద్దారి" అని. ఒడ్డెక్కించేదానికి వంతు రావాలి, కూలి పెట్టాలి. నాకు మార్చి 31 లోపల అప్పు లెక్క చూపించాలి. ఇన్సూరెన్సు ఉంది కదా అన్నాను. ఆయన మళ్ళీ మాట్లాడలేదు. పోతా పోతా మాత్రం, "ఒడ్డు పక్కనున్నప్పుడు పెతి బోటూ మంచిదే బాబూ" అన్నాడు.

ఆగస్టులో ఒక రాత్రి ఆ బోటు అడుగుపలక ఊడింది. అయిదుగురినీ పక్క బోటు వాళ్ళు ఎక్కించుకొన్నారు, ప్రాణాలు దక్కినాయి. బోటు దక్కలేదు. ఇన్సూరెన్సు వాళ్ళు అడిగిన ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు. అప్పు మొండిబాకీ అయింది. కుర్రవాడు గుజరాతులో వేరావల్ రేవుకు కూలికి పోయినాడని తర్వాత విన్నాను. ఆ ఫైలు మీద నా సంతకం ఇప్పటికీ ఉంటుంది. నామీద ఎవరూ చర్య తీసుకోలేదు. ఏల తీసుకొంటారు, కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా!

కాబట్టి ఈ మారు అడుగు చూడకుండా సంతకం పెట్టించకూడదనుకొన్నాను. మూడు నెలలు ఇదే పని. ఆఫీసు నుంచి రాగానే పడవల పుస్తకాలు, దర్యాప్తు నివేదికలు. అల్లునికి తెలుగు మాట్లాడేకి వస్తుంది, చదివేకి రాదు. మా అక్కకు తెలుగు తప్ప వేరే అక్షరం తెలీదు. వాడు ఫోనులో చెప్పే ఇంగ్లీషు మాటలను నేను ఒక నోటుపుస్తకంలో తెలుగు చేసి రాసుకొని ఆదివారం ఆదివారం అక్కకు చదివి వినిపించేది. చుక్కాని, తెరచాప, లంగరు, ఇవన్నీ చిన్నప్పుడు పుస్తకంలో చదివిన మాటలే, మా నోట ఎప్పుడూ పలికినవి కావు. ఆ నోటుపుస్తకంలోదే ఈ వ్యాసం.

అక్క అడిగిన మొదటి ప్రశ్న, "తిరగబడితే?" అని. పుస్తకాలూ దాంతోనే మొదలవుతాయి. తెరచాప పడవను ఉత్త గాలి తిరగేయలేదు. గాలికి అది ఒరుగుతుంది, ఒరిగే కొద్దీ తెరచాపకు తగిలే గాలి తగ్గుతుంది, అక్కడ నిలుస్తుంది. తిరగేసేది అల. అదీ నురగ కక్కుతూ విరిగి మీదపడే అల, పడవ పక్కకు తిరిగి ఉన్నప్పుడు తగిలే అల. పడవ ఎంత చిన్నదైతే అంత చిన్న అల చాలు. కాబట్టి చిన్న పడవ తిరగబడదని ఎవరూ పూచీ ఇవ్వలేరు. తిరగబడితే మళ్ళీ లేస్తుందా, ఎంతసేపట్లో లేస్తుంది అనేదే అడగాల్సిన ప్రశ్న.

దీన్ని అక్కకు ఎట్ల చెప్పేదా అని చూస్తే, వాళ్ళింటి గూట్లో తంజావూరు బొమ్మ కనిపించింది. నెట్టితే పడి, లేచి కూచునే బొమ్మ. దాని అడుగున బరువు ఉంటుంది, పైన అంతా తేలిక. సముద్రపు పడవ కూడా అంతే. అడుగున వెన్నెముక మాదిరి కిందికి దిగి ఉండే భాగాన్ని కీల్ అంటారు. దాంట్లో సీసమో ఇనుమో పోస్తారు. మంచి పడవల్లో మొత్తం బరువులో మూడోవంతుకు మించి ఆ బరువే ఉంటుంది. పడవ ఎంత కోణం దాకా ఒరిగినా తిరిగి లేస్తుందో లెక్క కట్టి చెప్తారు. 90 డిగ్రీలంటే నీళ్ళమీద అడ్డంగా పండుకోవడం. 120, 130 దాకా పోయినా లేచేవి సముద్రానికి పనికొస్తాయి.

"సరే, పీట మాదిరి వెడల్పుగా ఉంటే అసలు ఒరగనే ఒరగదు కదా?" అన్నది అక్క. బడికి పోనిదాని ప్రశ్న అనుకోవద్దు, పడవలు కట్టేవాళ్ళు కూడా ఆ దారిలో చాలా దూరం పోయినారు. వెడల్పు పడవ రేవులో కదలదు, లోపల గదులు పెద్దవి, చూసేకి బాగుంటుంది. కానీ పీటను బోర్లా వెయ్యండి. అట్ల కూడా కదలదు! మరీ వెడల్పైన పడవ తలకిందులైతే ఆ తలకిందులే దానికి సుఖంగా ఉంటుంది. సన్నని పడవ రేవులో ఊగుతుంది, ఎక్కినవాడికి కడుపులో తిప్పుతుంది, తలకిందులైతే మాత్రం ఆ స్థితిలో నిలవలేదు, ఇంకో అల తగలగానే తిరుగుతుంది.

అల్లుడు మనసుపడింది 40 అడుగుల పడవ. 2007లో కట్టింది. వెడల్పు, మూడు పడకగదులు, రెండు స్నానాలగదులు. ఫోటోలు పంపినాడు, మా బర్గూరు అంగళ్ళలో చీర పరిచి చూపినట్లే ఉన్నాయి. ఇంకోటి కూడా చూశాడు, అమ్మేవాళ్ళు బలవంతం చేస్తే. అది 34 అడుగులది. 1984లో కట్టింది. సన్నం, బరువు, లోపల చీకటి. అక్కడి డాలర్లలో 62 వేలు, అంటే 31 లక్షలు. "మామా, అది ముసల్ది" అని తీసిపారేసినాడు.

యూరపులో పడవలకు 1998 నుంచి ఒక కట్టుబాటు ఉంది. ఎ, బి, సి, డి అని తరగతులు వేస్తారు. ఎ అంటే మహాసముద్రపు తరగతి, 4 మీటర్లకు మించిన అలలకు తట్టుకొనేది. 40 అడుగులదానికి ఆ 'ఎ' ముద్ర ఉంది. ముసలిదానికి లేదు, అది ఆ చట్టం కంటే ముందు పుట్టింది. "ముద్ర ఉండేదాన్ని కాదని ముద్ర లేనిదాన్ని ఎట్ల కొనేది?" అని వాడి వాదం. నా ఉద్యోగమంతా ముద్రలతోనే నడిచింది కాబట్టి ఆ వాదానికి నేను లొంగిపోవాల్సింది. ఆ సరంగు అడ్డుపడినాడు. ముద్ర వేసింది కొత్తగా ఉన్నప్పటి పడవకు. పద్దెనిమిదేళ్ళలో దాని అడుగుకు ఏం జరిగిందో ముద్ర చెప్పదు.

ఇక్కడ 1979 నాటి సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఆగస్టులో ఇంగ్లండు నుంచి ఐర్లండు దక్షిణాన ఉండే ఫాస్ట్‌నెట్ బండదాకా పోయివచ్చే పందెంలో 303 పడవలు బయల్దేరినాయి. నడిమధ్యలో తుపాను పట్టుకొనింది. పందెగాళ్ళలో 15 మంది చనిపోయినారు. 24 పడవలను మనుషులు వదిలేసి పోయినారు. ఆ 24లో మునిగినవి అయిదే. తక్కిన 19 పడవలు మనిషి లేకుండా తేలుతూ దొరికినాయి. పడవ నిలిచింది, లోపలి మనిషి నిలవలేకపోయినాడు. వదలి రబ్బరు తెప్ప ఎక్కినవాళ్ళలో కొందరికి ఆ తెప్పే చావు తెచ్చింది. దీన్ని చదివినప్పటి నుంచి నేను పడవను చూసే చూపు మారింది. గదులెన్ని అని అడగడం మానేసి, పడవ గిరగిరా తిరుగుతుంటే మనిషి దేన్ని పట్టుకొంటాడు, ఎక్కడ కట్టేసుకొని పండుకొంటాడు అని అడగసాగినాను. పెద్ద గది ఒడ్డు పక్కన సుఖం. సముద్రంలో ఆ గది ఈ గోడ నుంచి ఆ గోడకు ఎగిరిపడే జాగా. చేతికందే దూరంలో పట్టుకొనే కొయ్యలు, జారిపడకుండా గుడ్డ కట్టిన ఇరుకు పడక, అలలోపడినా తెరుచుకోని మూతలు కావాలి. వెనక కూచుని చుక్కాని పట్టే గుంట కూడా చిన్నదై ఉండాలి. ఒక ఘనమీటరు ఉప్పునీళ్ళు వెయ్యి కిలోలకు పైన తూగుతాయి. పెద్ద గుంట నిండితే పడవ వెనక ఒక లారీలోడు ఎక్కినట్లే. అది ఎన్ని నిమిషాల్లో ఖాళీ అవుతుందో అడగాలి.

ఇవన్నీ అడిగేసరికి అల్లునికి కోపం వచ్చింది. వాడు మన తారిణిని తెచ్చి నా ముందర పెట్టినాడు.

ఐ.ఎన్.ఎస్.వి. తారిణి కథ మన పత్రిక చదివేవాళ్ళకు తెలిసే ఉంటుంది. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, ఆరుగురు నౌకాదళ ఆడబిడ్డలు భూమిని చుట్టి 2018 మే 21న తిరిగి వచ్చినారు. 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్ళు. ఆ ఆరుగురిలో ఇద్దరు తెలుగు బిడ్డలు, విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య. 60 నాట్లకు మించిన గాలిని చూసినారు. పడవ డచ్చివాళ్ళ నమూనా, కట్టింది మన గోవాలో. 'తారిణి' అంటేనే పడవ. గంజాం జిల్లా తారాతారిణి అమ్మవారి పేరు దానికి. ఆ జిల్లా కూడా మన మాదిరే తెలుగువాళ్ళు వేరే రాష్ట్రంలో ఉండిపోయిన జాగానే.

"చూడు మామా, అది 55 అడుగులు. పెద్దది కాబట్టే తిరిగొచ్చినారు" అన్నాడు అల్లుడు.

"అప్పా, దాంట్లో ఆరుగురు. నీ దాంట్లో ఇద్దరు" అన్నాను. పెద్ద పడవకు పెద్ద తెరచాప. పెద్ద తెరచాపను గాలిలో దించేకి పెద్ద బలం కావాలి. "నువ్వు జ్వరంతో పడుకొనుంటే, నడిరాత్రి గాలి లేస్తే, ఆ బిడ్డ ఒక్కతే తెరచాప దించగలదా? ఒక్కతే లంగరు ఎత్తగలదా? రేపు రేవులోనే పరీక్ష చెయ్యి. నువ్వు చెయ్యి వేయద్దు." వాడు జవాబు చెప్పలేదు. ఇంకో మాట కూడా చెప్పినాను. తారిణికి దారిలో చుక్కాని యంత్రం చెడింది, అనుకోని మజిలీగా మారిషస్‌లో ఆగి బాగుచేసుకొన్నారు. అంత పెద్ద నౌకాదళం వెనక ఉండే పడవకే చుక్కాని చెడింది. నీ వెనక ఎవరున్నారు, మీ అమ్మ తోపు తప్ప?

ఈ ఆఖరు మాట అనకుండా ఉండాల్సింది. వాడు వెంటనే పట్టుకొన్నాడు: "అదీ సంగతి! నీకు పడవ కాదు మామా, తోపు ముఖ్యం. అగ్గువ పడవ కొంటే తోపు మిగులుతాది. దానికే ముసలిదాన్ని మెచ్చుకొంటా ఉండావు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడన్నది అబద్ధం కాదేమో! ఆ తోపులో మా బావ నాటిన చెట్లు ఉన్నాయి. ఎండాకాలం సెలవుల్లో నా పిల్లలు కూడా ఆ చెట్ల కిందే పెరిగినారు. బ్యాంకులో ముందే ఒక నిర్ణయానికి వచ్చేసి, దానికి తగిన అంకెలు వెతికే అధికార్లను నేను చాలామందిని చూశాను. విశాఖపట్నంలో నేనూ అదే చేశాను. అప్పుడు అప్పు ఇవ్వాలనుకొని బోటు మంచిదనిపించింది. ఇప్పుడు తోపు నిలవాలనుకొని ముసలి పడవ మంచిదనిపిస్తున్నదా?

అందుకని నా వాదానికి ఎదురుగా ఉండేవాటిని వెతికి చదివినాను. సన్నని, పొడవాటి కీల్ ఉండే పాతకాలపు పడవల గొప్ప చెప్పేవాళ్ళు సుహైలి పేరెత్తకుండా ఉండరు. 1960లలో మన బొంబాయిలో, మన వడ్రంగులు టేకుతో కట్టిన 32 అడుగుల పడవ అది. 1968లో ఒంటరిగా ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టే పందెంలో తొమ్మిదిమంది దిగితే, పూర్తిచేసింది దాన్ని నడిపిన రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ ఒక్కడే. 312 రోజులు పట్టింది. మధ్యలో పలకల సందులో నీళ్ళు ఊరితే, సముద్రంలోకి దిగి, గుడ్డ పెట్టి, పైన రాగిరేకు కొట్టి వచ్చినాడు. నాకు ఆ పందెం కంటే ఈ రాగిరేకే ఎక్కువ నచ్చింది. తన చేత్తో బాగుచేసుకోగల పడవ కాబట్టే అది ఇల్లు చేరింది.

అయితే అదే సుహైలి నమూనాలో గోవాలో కట్టిన తురీయను తీసుకొని మన నౌకాదళం అభిలాష్ టామీ 2018లో మళ్ళీ ఆ పందానికి పోయినాడు. అంతకు ముందు 2012–13లో మాదేయి అనే 56 అడుగుల పడవలో ఒంటరిగా, ఆగకుండా భూమిని చుట్టివచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. అట్లాంటివాణ్ణి 2018 సెప్టెంబరు 21న హిందూమహాసముద్రపు దక్షిణ కొసలో తుపాను తిరగేసింది. తెరచాప కొయ్య విరిగింది, ఆయన వెన్ను విరిగింది. మూడోనాడు ఒక ఫ్రెంచి ఓడ వచ్చి తీసుకుపోయింది. 2022 పందెంలో అయితే పొడవాటి కీల్ ఉండే ఇంకో పాత నమూనా పడవ, ఆస్టీరియా, వెనకవైపు నీళ్ళు దూరి నిమిషాల్లో మునిగిపోయింది. దాన్ని నడిపినాయన తెప్పలో ఒక పగలూ రాత్రీ గడిపితే, పందెంలో ఉండే ఇంకొక ఆమె, కిర్‌స్టెన్ నాయ్‌షాఫర్, దారి మళ్ళించి వచ్చి కాపాడింది. కాబట్టి 'పాత నమూనా, సన్నం, బరువు' అనేదీ ఒక ముద్రే. దాన్ని చూసి సంతకం పెడితే నేను మళ్ళీ అదే తప్పు చేసినట్లు.

వెన్నుకు ఆపరేషను చేయించుకొని అదే అభిలాష్ టామీ 2022లో మళ్ళీ పోయినాడు. ఈ మారు 36 అడుగుల రస్ట్లర్ అనే పాత పడవను తీసుకొన్నాడు. 2023 ఏప్రిల్ 29న రెండోవాడుగా గట్టు చేరినాడు. మొదట వచ్చింది ఆ కిర్‌స్టెనే. దారిలో గాలిరెక్క విరిగితే ఆయన పడవలోని తలుపుపలక తీసి దాంతో కొత్త రెక్క చేసుకొన్నాడంట. గాలిరెక్క అంటే మనిషి చెయ్యి పెట్టకుండా గాలివాటాన్ని బట్టి చుక్కానిని తిప్పే పరికరం. ఇద్దరే పొయ్యే పడవలో అది మూడో మనిషి. అది లేకుండా రేయింబవళ్ళు చుక్కాని పట్టుకొంటే నాలుగోనాటికి మనిషికి కళ్ళు కనపడవు.

అల్లునికి ఫోను చేసి చెప్పినాను: "నీ మాటా వద్దు, నా మాటా వద్దు. రెండు పడవలనూ నీళ్ళలోంచి పైకి ఎత్తించు. మన ఇద్దరికీ సంబంధం లేని సర్వేయరు చేత చూపించు. ఖర్చు నాది." ఒక్కోదానికి 1,500 డాలర్లకు పైగా అయింది. ఇంట్లో మా ఆవిడ దగ్గర ఈ అంకెను ఇప్పటికీ సగమే చెప్పినాను.

రిపోర్టులు వచ్చినాయి. ముసలిదాని జాబితా పొడవుగా ఉంది. కొయ్యను నిలబెట్టే తీగలు 20 ఏళ్ళవి, అన్నీ మార్చాలి. పైకప్పు లోపలి కొయ్య రెండు చోట్ల తడిసి మెత్తబడింది. అడుగున బొబ్బలు. సముద్రపు నీళ్ళు లోపలికి తెచ్చే కుళాయిలు రెండు బిగుసుకుపోయినాయి, తుపానులో గొట్టం ఊడితే మూసేకి కాదు. ఇంజను ముక్కుతా మూల్గుతా ఉంది. మొత్తం 18 లక్షల పని. కానీ కీల్ పడవతో కలిపి ఒకే పోతగా పోసింది, బరువు దాని కడుపులోనే ఉంది. ఆ పోత ఎక్కడా చిట్లలేదు. చుక్కాని కీల్ వెనకే ఆనుకొని ఉంది, దుంగ తగిలినా ముందు కీల్‌కే తగలాలి.

40 అడుగులదాని జాబితా చిన్నది. అన్నీ కొత్తగా, శుభ్రంగా ఉన్నాయి. ఒక్క సంగతి తప్ప. దాని కీల్ బోల్టులతో అడుగుకు బిగించింది. ఎప్పుడో రాతికి గట్టిగా తగిలింది. లోపల కీల్ వెనక కొస దగ్గర అడుగును పట్టి ఉంచే ఎముకలు చిట్లినాయి, పైన రంగు కొట్టి కనపడకుండా చేసినారు. అమ్మేవాడు ఆ మాట చెప్పలేదు. రంగు! పాతికేళ్ళ తర్వాత అదే రంగు.

2014 మే నెలలో చీకీ రఫీకి అనే పడవ అట్లాంటిక్ మధ్యలో కీల్ ఊడి తిరగబడింది. దాంట్లోని నలుగురు బ్రిటిషువాళ్ళు మళ్ళీ కనపడలేదు. అంతకుముందు నేలకు తగిలిన దెబ్బలు, వాటికి చేసిన మరమ్మతులు అడుగును బలహీనపరిచి ఉండవచ్చునని దర్యాప్తులో రాసినారు. ఆ నివేదికను నేను అల్లునికి పంపలేదు. రిపోర్టు చదివి వాడే వెతుక్కొని, చదివి, రెండు దినాలు ఫోను చేయలేదు. మూడోనాడు కోడలు చేసింది. "మామయ్యా, ఆయప్పకు ఆ పెద్ద పడవ మీద ఆశ పోలేదు, నాకు పోయింది" అన్నది. పరీక్ష కూడా చేసినారంట. పెద్దదాని తెరచాపను ఆమె ఒక్కతే సగం కూడా దించలేకపోయింది. ముసలిదాన్ని దించి, మడిచి, కట్టింది.

ఫిబ్రవరిలో ముసలిదాన్నే కొన్నారు. మరమ్మతుతో కలిపి 49 లక్షలు. వాడి 35 పోను 14 లక్షలు తక్కువ. రోడ్డు పక్క ముప్పావు ఎకరా అమ్మితే సరిపోయింది. అయినా నేను మెచ్చుకొన్న పడవే గెలిచిందని నాకేమీ సంతోషం కలగలేదు. సర్వేయరు రిపోర్టు అటూ ఇటూ మారి వచ్చి ఉంటే నేను రెండెకరాలకు సంతకం పెట్టించేవాణ్ణా? పెట్టించేవాణ్ణనే అనుకొంటాను.

రిజిస్ట్రారు ఆఫీసుకు పొయ్యే ముందు అక్క అడిగింది, "మునిగితే డబ్బు వాపసు వస్తుందా?" అని. ఇద్దరే మహాసముద్రం దాటుతారంటే ఇన్సూరెన్సు వాళ్ళు అంత సులభంగా ఒప్పుకోరు, అనుభవం చూపించమంటారు అని చెప్పినాను. పూర్వం తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులు లాక్కొనేవాళ్ళంట. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించినాడు, ఏర్పాటైన సుంకం తప్ప ఇంకేమీ ముట్టుకోమని. అక్కకు ఆ శాసనం సంగతి చెప్తే, "ఆ రాజుకు బిడ్డలు సముద్రం మీద పొయ్యినారేమో రా" అన్నది. సంతకం తెలుగులోనే చేసింది. అక్కడి గుమాస్తా ఒక క్షణం దాన్ని తిప్పి చూసినాడు.

నేను పెట్టిన షరతు ఒక్కటే. ఈ మే నెలలో పోకూడదు, వచ్చే మే. ఫిజీ వైపు తుపానుల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. అది ముగిసినాకనే అక్కడి పడవలు బయల్దేరతాయి. ఒక ఏడాది పొడవునా గట్టు పక్కనే తిరగనీ, చీకట్లో తిరగనీ, గాలిలో తెరచాపను ఒకవైపు, చుక్కానిని ఎదురువైపు కట్టి పడవను కదలకుండా నిలబెట్టేది నేర్చుకోనీ. న్యూజిలాండులో నమోదైన పడవ దేశం దాటాలంటే అక్కడి చట్టం ప్రకారం తనిఖీ జరిగి, ధ్రువపత్రం చేతికి రావాలి. తెప్ప, తుపాను తెరచాపలు, అపాయంలో సంకేతం పంపే రేడియో అన్నీ చూసి ఇస్తారు. ఆ తనిఖీ ఇంకా కావాల్సి ఉంది. ఆ పత్రం నకలు నాకు పంపమన్నాను. సరే అన్నాడు, కొంచెం విసుగ్గానే.

పోయిన నెల మొదటిసారి ఇద్దరూ రాత్రంతా పడవ నడిపి గ్రేట్ బారియర్ అనే దీవికి పోయినారు. ఆక్లండు నుంచి 90 కిలోమీటర్ల దూరం. గాలి అనుకొన్నదానికంటే ఎక్కువ లేచిందంట. మరునాడు పొద్దున ఫోను చేస్తే నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. తెరచాపను రెండు మడతలు తగ్గించింది కోడలు. గాలిరెక్క బాగా పనిచేసింది. అడుగున నీళ్ళు ఒక చెంబెడు, అంతే. అల్లుడు మాత్రం రాత్రంతా బకెట్టు పట్టుకొని వాంతి చేసుకొంటా ఉన్నాడంట.

అక్క ఫోను నా చేతిలోంచి లాక్కొని అడిగింది, "ఏమి తిన్నావు రా ఎక్కేముందు?" అని.